హోం కంప్యూటర్ల పోటీలో క్యాసెట్టుకూ ఫ్లాపీకీ చోటెక్కడ?

సంపాదకులకు నమస్కారం.

1980ల నాటి బ్రిటన్ హోం కంప్యూటర్ల గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. క్లైవ్ సింక్లెయిర్‌కూ, ఆయన దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి బయటికి వచ్చి 1978లో హెర్మన్ హౌజర్‌తో కలిసి ఏకార్న్ సంస్థను స్థాపించిన క్రిస్ కర్రీకీ మధ్య కేంబ్రిడ్జ్‌లో సాగిన పోటీని తెలుగులో ఇంత వివరంగా చెప్పినవారు అరుదు కనుక, ముందుగా వ్యాసకర్తకు నా అభినందనలు. ధరలు సరిగానే ఇచ్చారు, ప్రాసెసర్ల పేర్లు సరిగానే ఇచ్చారు, సింక్లెయిర్ యంత్రాల నాణ్యతను వేలెత్తి చూపుతూ ఏకార్న్ ఇచ్చిన ప్రకటన మీద 1984 డిసెంబరులో ఇద్దరూ ఒక పబ్‌లో ఘర్షణ పడిన ఉదంతాన్ని కూడా వదలలేదు. కాని అంత పెద్ద వ్యాసంలో, రాసిన ప్రోగ్రాంను ఎక్కడ దాచుకునేవారన్న విషయానికి దక్కింది ఒక్క వాక్యం. ఆ యంత్రాలను సొంత చేతులతో వాడినవాడిగా ఈ లోపాన్ని మీ దృష్టికి తేవడం నా బాధ్యత అనిపించింది. మా వంటివారికి ఆ పోటీ ప్రాసెసర్ల మధ్య జరిగినట్టు తోచలేదు, రాసుకున్నది రేపటికి మిగులుతుందా లేదా అన్న ప్రశ్న చుట్టూనే అది తిరిగింది.

ఈనాటి పాఠకులకు ఒక సంగతి గుర్తు చేయవలసి ఉంది. ఆ యంత్రాల్లో నేటి ఫోన్లలో లాగా లోపలే ఏదో ఒకచోట అన్నీ భద్రంగా ఉండే ఏర్పాటు లేదు. స్విచ్ వేస్తే ఖాళీ యంత్రం, స్విచ్ తీస్తే మళ్లీ ఖాళీ యంత్రం. కంప్యూటర్ పత్రికల్లో అచ్చయిన ప్రోగ్రాంలను చూసి పంక్తి వెంట పంక్తి రెండు మూడు గంటలు టైపు చేసి, తప్పులు వెతికి దిద్దుకొని, చివరికి ఒకసారి అది పనిచేస్తే కలిగే ఆనందం కరెంటు ఉన్నంతసేపే. బ్రిటన్‌లో కరెంటు పోవడం అరుదేమోగాని, 1985 వేసవిలో గుంటూరులో ప్రతి సాయంత్రమూ పోయేది. టైపు చేసిన 100 పంక్తులు ఫ్యాన్ ఆగడంతో పాటే మాయమైన రోజులు నాకు ఎన్నో ఉన్నాయి. అందువల్ల పది పంక్తులకొకసారి క్యాసెట్‌లోకి ఎక్కించడం మాకు అలవాటుగా కాక నిష్ఠగా మారింది.

ఇంతకీ పాటలు వినే క్యాసెట్ ఈ పనికి ఎలా వచ్చిందన్నది చెప్పుకోదగిన కథ. 1975లో అమెరికాలో ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ కిట్ కొని ఇంట్లో అమర్చుకున్న అభిరుచిగలవారికి కాగితపు టేపు చదివే యంత్రాలు, టెలిటైపులు కొనే స్తోమత లేదు. ఫ్లాపీ డ్రైవ్ అయితే కంప్యూటర్ కన్నా ఎక్కువ ఖరీదు. అందరి ఇళ్లలోనూ ఉన్నది మాత్రం క్యాసెట్ రికార్డర్. ఆ ఏడాది నవంబరులో బైట్ పత్రిక మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో తయారీదారులను సమావేశపరచి, వేర్వేరు కంపెనీల వారు ఒకే పద్ధతిలో క్యాసెట్ మీద రాసేలా ఒక ప్రమాణం మీద చర్చ జరిపింది. దాని ప్రకారం 1 అనే అంకెకు 2400 హెర్ట్జ్ ధ్వనిలో 8 కంపనాలు, 0 అనే అంకెకు 1200 హెర్ట్జ్‌లో 4 కంపనాలు. సెకనుకు 300 బిట్లు (0, 1 అంకెలు), అంటే నిమిషానికి రెండు వేల అక్షరాలు కూడా దాటవు. నిదానమే అయినా, కొత్తగా ఏ పరికరమూ కొననక్కరలేకుండా ఇంట్లో ఉన్న వస్తువుతోనే పని జరగడం అభిరుచిగలవారికి పెద్ద వరమైంది. ఏకార్న్ వారి బీబీసీ మైక్రో క్యాసెట్ పద్ధతి ఈ ప్రమాణం నుంచే పుట్టింది, వేగం మాత్రం 1200 బిట్లకు పెరిగింది.

సింక్లెయిర్ మరో దారి పట్టాడు. 1982 ఏప్రిల్ 23న విడుదలైన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ధర 16 కిలోబైట్ల మెమరీతో 125 పౌండ్లు, 48 కిలోబైట్లతో 175 పౌండ్లు. అదే సమయంలో బీబీసీ మైక్రో మోడల్ బీ ఖరీదు 399 పౌండ్లు, మెమరీ 32 కిలోబైట్లు. ఈ లెక్కలు మీ వ్యాసంలో ఉన్నాయి. లేనిది క్యాసెట్ దగ్గరి తేడా. స్పెక్ట్రమ్‌లో 0 అనే బిట్‌కు పట్టే సమయానికి సరిగ్గా రెట్టింపు 1 అనే బిట్‌కు పడుతుంది కనుక సగటున సెకనుకు 1400 బిట్లకు కాస్త అటూ ఇటూగా వేగం వచ్చేది, 48 కిలోబైట్ల ఆట అయిదు నిమిషాల లోపు లోడయ్యేది. బీబీసీ కన్నా ఇది వేగమే. కాని ప్రోగ్రాం ఎంత పెద్దదైనా స్పెక్ట్రమ్ దాన్ని ఒకే ముద్దగా రాసి, చివర తప్పు కనిపెట్టడానికి ఒక్క బైటును జతచేసేది. నాలుగున్నర నిమిషాల దగ్గర టేపు మీద చిన్న మచ్చ ఉంటే, అంతసేపు ఓపిక పట్టిన మనిషికి తెర మీద టేప్ లోడింగ్ ఎర్రర్ అన్న మాట కనిపించేది. మళ్లీ మొదటి నుంచి తిప్పుకోవలసిందే. బీబీసీ మైక్రో అదే ప్రోగ్రాంను 256 బైట్ల చిన్న చిన్న తునకలుగా కోసి, ప్రతి తునకకూ ఒక సంఖ్య ఇచ్చి, ఒక్కోదానికి విడిగా తప్పుల పరీక్ష పెట్టేది. ఎక్కడైనా తడబడితే టేపును కొద్దిగా వెనక్కి తిప్పమని అడిగి, ఆగిన చోటి నుంచే అందుకొనేది. పైగా రికార్డర్ మోటారును ఆపడానికి, నడపడానికి యంత్రంలోనే ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఉండేది, అది చేసే టిక్కుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒకరు వేగాన్నీ చవకనూ ఎంచుకున్నారు, మరొకరు భద్రతను ఎంచుకున్నారు. పిల్లలు రబ్బరు మీటల గురించీ రంగుల గురించీ వాదించుకున్నా, రెండు సంస్థల స్వభావాలు నాకు స్పష్టంగా కనిపించింది ఈ క్యాసెట్ దగ్గరే.

ఈ పోటీ గుంటూరు దాకా వచ్చిన తీరు కూడా చెబుతాను. ఇంగ్లండ్‌లో వైద్యుడిగా పనిచేస్తున్న మా బావమరిది 1984 చివర సెలవులకు వస్తూ నాకొక స్పెక్ట్రమ్ తెచ్చాడు. నేను అప్పుడు ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. అది పంపే టీవీ సంకేతం మా ఇంట్లోని టీవీకి అందని పౌనఃపున్యంలో ఉంటే, వీధి చివరి టీవీ మెకానిక్ రెండు రోజులు తంటాలు పడి, లోపలి నుంచి వీడియో తీగ బయటికి లాగి అతికించాడు. క్యాసెట్ లోడవుతున్నప్పుడు తెర అంచుల్లో మొదట ఎరుపు, లేత నీలం పట్టీలు, తరవాత నీలం, పసుపు పట్టీలు పరుగెత్తుతాయని పుస్తకంలో ఉంది. మాది నలుపు తెలుపు టీవీ కనుక మాకు అవి బూడిదరంగు చారలే. అయినా వెడల్పు చారలు సన్నబడగానే అసలు సరుకు వస్తున్నదని ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది, ఆ అయిదు నిమిషాలూ ఎవరూ మిక్సీ వేసేవారు కాదు.

మా మిత్రుడొకాయన పొరుగూరి ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు. పాఠశాలల్లో కంప్యూటర్ అక్షరాస్యత కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో క్లాస్ అనే పథకం మొదలుపెట్టి, తొలి విడతలో దేశమంతటా సుమారు 250 పాఠశాలలకు పంపిన యంత్రాలు బీబీసీ మైక్రోలే. వాటిలో కొన్ని ఆయన బడికి వచ్చాయి. అలా కేంబ్రిడ్జ్‌లోని రెండు కంపెనీల వైరం మా ఇద్దరి ఆదివారాల్లోకి వచ్చి కూర్చుంది. స్పెక్ట్రమ్‌ను ఆ తరవాత డీబీ స్పెక్ట్రమ్ అన్న పేరుతో మన దేశంలోనూ అమ్మారు కాని, అప్పటికి మా పట్టణంలో నాకు తెలిసిన స్పెక్ట్రమ్ నాది ఒక్కటే.

మా పోటీ తెలుగు అక్షరాల మీద నడిచింది. స్పెక్ట్రమ్‌లో వాడుకరి సొంతంగా గీసుకోగల అక్షరాలు 21. ఒక్కొక్కటి 8 చుక్కల పొడవు, 8 చుక్కల వెడల్పు ఉన్న గడి. బీబీసీ మైక్రోలో మామూలుగా అలాంటివి 32. ఒక్క గడిలో తెలుగు అక్షరం పట్టదు, పట్టించినా అది ఏ అక్షరమో గీసినవాడికి తప్ప ఇంకొకరికి తెలియదు. కింద ఒక గడి, పైన ఒక గడి పెట్టాలంటే నా 21 గడులకు పది అక్షరాలకు మించి రావు. మా మాస్టారు చూసి, “లెక్చరర్ గారూ, మీ యంత్రానికి ఓనమాలు దిద్దడానికే చోటు చాలదు” అన్నారు. ఆ రాత్రి చాలాసేపు గళ్ల కాగితం ముందు పెట్టుకొని కూర్చుంటే దారి దొరికింది. క, గ, త, ప, మ, స వంటి అక్షరాలన్నింటికీ పైన ఉండేది ఒకటే తలకట్టు. ఆ తలకట్టును ఒక్క గడిలో గీసుకొని అన్ని అక్షరాలకూ పంచితే, మిగిలిన 20 గడులూ కింది రూపాలకు మిగులుతాయి. జ, ణ, బ, ల వంటి తలకట్టు లేని అక్షరాలకు పైగడి ఖాళీగా వదిలితే సరిపోతుంది. మరుసటి ఆదివారం ఆయనకు తెర మీద ‘కమల’ అన్న మాట చూపించాను. ఆయన ఏమీ అనకుండా గళ్ల కాగితం అడిగి తీసుకొని తమ యంత్రంలో అదే పద్ధతికి గుణింతం గుర్తులు కూడా చేర్చడం మొదలుపెట్టారు.

ఆ 21 గడులకు గడికి 8 చొప్పున మొత్తం 168 బైట్లు. క్యాసెట్ మీద అది పది సెకన్లకు మించని ధ్వని. అందులోనూ సగానికి పైగా, ఇదిగో వస్తున్నానని యంత్రాన్ని సిద్ధపరిచే కూత మాత్రమే. ఆ పది సెకన్ల చప్పుడులో నా నెల రోజుల ఆదివారాలున్నాయి. బజారులో చవకగా దొరికిన క్యాసెట్ మీద మొదట దాచి, అది రెండోసారికే ధ్వని మింగేయడం చూసి, మంచి క్యాసెట్ కొని రెండు వైపులా మూడేసి సార్లు ఎక్కించి, రికార్డింగ్ చెరిగిపోకుండా వెనక ఉన్న ప్లాస్టిక్ పెంకులు విరిచి దాచుకున్నాను.

ఇప్పుడు మైక్రోడ్రైవ్ సంగతి. మీ వ్యాసంలో దీని పేరే లేకపోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది, ఎందుకంటే క్యాసెట్ కష్టాలు పడుతున్న లక్షలాది స్పెక్ట్రమ్ యజమానులు ఏడాదికి పైగా ఎదురుచూసింది దీని కోసమే. స్పెక్ట్రమ్ విడుదల నాడే సింక్లెయిర్ దీన్ని ప్రకటించాడు. చేతికి వచ్చింది మాత్రం 1983లో. డ్రైవ్ ధర 49.95 పౌండ్లు, అందులో పెట్టే చిన్న కార్ట్రిడ్జ్ 4.95 పౌండ్లు. బొటనవేలి అంత ఉన్న ఆ కార్ట్రిడ్జ్‌లో 2 మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని టేపు సుమారు 5 మీటర్ల పొడవున కొస లేని చుట్టగా ఉండేది. అది డ్రైవ్‌లో గిర్రున తిరుగుతూ ఏడెనిమిది సెకన్లకొక చుట్టు పూర్తి చేసేది. కనుక వెతుకుతున్న ఫైలు ఎక్కడున్నా ఒక్క చుట్టులో టేపును చదివే తల కింద నుంచి వెళ్లక తప్పదు. కనీసం 85 కిలోబైట్లు పట్టేది. ఫ్లాపీ డ్రైవ్ కొనలేని కుటుంబానికి దాదాపు ఫ్లాపీ అంత సౌకర్యం అందించాలన్న ఆలోచన అది. కొస లేని టేపు సింక్లెయిర్ కనిపెట్టిందేమీ కాదు, అమెరికాలో టీఆర్‌ఎస్-80 కంప్యూటర్ వాడేవారికి ఎక్సాట్రాన్ అనే సంస్థ అలాంటి పరికరం అంతకు ముందే అమ్మింది. అయినా ఇంత చిన్నదిగా, ఇంత చవకగా చేసినవారు లేరు.

లోపం కూడా ఆ చిన్నతనంలోనే ఉంది. అంత సన్నని టేపు అంత వేగంతో తిరుగుతూ సాగిపోయేది, మడతపడేది. కొత్త కార్ట్రిడ్జ్‌ను పదే పదే ఫార్మాట్ చేస్తే (అంటే రాతకు సిద్ధపరిస్తే) టేపు కొంచెం సాగి స్థిరపడి మరి రెండు మూడు కిలోబైట్లు ఎక్కువ పడుతుందని వాడేవారు ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ మాట నిజమే కూడా. కాని తన సామర్థ్యం ఎంతో ఏ పూటకు ఆ పూట తేల్చుకునే వస్తువు మీద ఎవరు నమ్మకంగా రాసుకుంటారు? పైగా అచ్చంగా ఖాళీ క్యాసెట్‌తో పోలిస్తే కార్ట్రిడ్జ్ ఎన్నో రెట్లు ఖరీదు కనుక ఆటలు తయారుచేసే సంస్థలు దాని జోలికి పెద్దగా పోలేదు. అవి క్యాసెట్ మీదే ఉండిపోయాయి, కొనేవారూ క్యాసెట్ దగ్గరే ఆగిపోయారు. 1984 జనవరి 12న సింక్లెయిర్ తన క్యూఎల్ యంత్రాన్ని 399 పౌండ్లకు ప్రకటించినప్పుడు అందులో ఫ్లాపీకి బదులు రెండు మైక్రోడ్రైవ్‌లనే బిగించాడు. ఆఫీసు పనికి ఉద్దేశించిన యంత్రం అది. పన్నెండు రోజుల తరవాత అమెరికాలో యాపిల్ సంస్థ మాకింటోష్‌ను 400 కిలోబైట్లు పట్టే మూడున్నర అంగుళాల గట్టి ఫ్లాపీతో విడుదల చేసింది. మాకింటోష్ ధర ఎన్నో రెట్లు ఎక్కువన్నది నిజమే. అయినా దాచుకునే పరికరం దగ్గర పొదుపు చేయడమే క్యూఎల్‌ను బాగా దెబ్బతీసిందని నా గట్టి అభిప్రాయం. సింక్లెయిర్ తన కంప్యూటర్ వ్యాపారాన్ని 1986లో ఆమ్‌స్ట్రాడ్ అనే సంస్థకు 50 లక్షల పౌండ్లకు అమ్ముకున్నాడు. ఆ కొత్త యజమాని మైక్రోడ్రైవ్‌ను పక్కన పెట్టి, 1987లో 3 అంగుళాల డిస్క్ డ్రైవ్‌ను స్పెక్ట్రమ్ లోపలే అమర్చాడు.

ఫ్లాపీ అనగానే అది వేగమని అందరూ అనుకుంటారు. కొమొడోర్ 64 కథ తెలిసినవారు అలా అనరు. 1982లో 595 డాలర్ల ధరతో అమెరికాలో వచ్చి, ప్రపంచంలోనే అత్యధికంగా అమ్ముడైన హోం కంప్యూటర్లలో ముందు వరసలో నిలిచిన ఈ యంత్రానికి 1541 అనే ఫ్లాపీ డ్రైవ్ ఉండేది. ఆ డ్రైవ్‌లో దానికంటూ సొంత ప్రాసెసర్ కూడా ఉంది. 170 కిలోబైట్లు పట్టేది. కాని దాని వేగం సెకనుకు సుమారు 400 బైట్లు మాత్రమే. కొమొడోర్ సంస్థ అంతకు ముందు చేసిన వీఐసీ-20 యంత్రంలోని ఒక చిప్పులో బిట్లను వరసగా పంపే భాగం సరిగా పనిచేయకపోవడంతో ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో బిట్టుగా నెట్టుకొచ్చారు. ఆ పద్ధతే కొమొడోర్ 64కు కూడా సంక్రమించింది. అభిరుచిగలవారు ఊరుకోలేదు. డ్రైవ్‌కూ కంప్యూటర్‌కూ కొత్త మాటలు నేర్పే వేగవంతమైన లోడర్లు వారే రాశారు. క్యాసెట్‌కు కూడా టర్బో టేప్ వంటి ప్రోగ్రాంలు రాసి వేగాన్ని దాదాపు పది రెట్లు పెంచితే, కొన్ని సందర్భాల్లో క్యాసెట్ మామూలు ఫ్లాపీతో సమానంగా పరుగెత్తింది. అమెరికాలో ఫ్లాపీ నిలిచింది, బ్రిటన్‌లో డ్రైవ్ ఖరీదు వల్ల క్యాసెట్ నిలిచింది. కొత్త పరికరం వచ్చిన వెంటనే పాతది పోతుందని రాసే చరిత్ర ఇక్కడ చెల్లదు.

ధ్వనిగా మారిన ప్రోగ్రాంను గాలిలోనూ పంపవచ్చునని నెదర్లాండ్స్ రేడియో వారు నిరూపించారు. వేర్వేరు కంపెనీల యంత్రాలన్నీ చదవగలిగేలా బేసికోడ్ అనే ఉమ్మడి పద్ధతి తయారుచేసి ప్రోగ్రాంలను ప్రసారం చేస్తే, శ్రోతలు వాటిని రేడియో నుంచి నేరుగా క్యాసెట్‌కు ఎక్కించుకున్నారు. బీబీసీ, టీవీ తెర మీద అక్షరాల పేజీలు చూపే తన టెలిటెక్స్ట్ ద్వారా టీవీ సంకేతంతో పాటు ప్రోగ్రాంలను పంపింది. కంపెనీలు గోడలు కడుతున్న రోజుల్లో ప్రజా ప్రసార సంస్థలు చేసిన ఈ పని చరిత్రలో చిన్న పేరాకైనా అర్హమైనది.

నన్ను అన్నింటికన్నా కలవరపెట్టేది డూమ్స్‌డే ప్రాజెక్టు. ఇంగ్లండ్ రాజు విలియం 1086లో తన రాజ్యంలోని భూములనూ పశువులనూ లెక్కించి గ్రంథస్థం చేయించాడు. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ సంస్థ, ఏకార్న్, ఫిలిప్స్ కలిసి ఆనాటి బ్రిటన్ జనజీవితాన్ని లేజర్ డిస్కుల మీద భద్రపరిచాయి. పది లక్షలకు పైగా ప్రజలు, అందులో ఎక్కువ మంది బడి పిల్లలు, తమ ఊరి గురించి, వీధి గురించి, తాము తినే తిండి గురించి రాసి పంపారు. ఆ రోజుల్లో దాచుకునే సాంకేతికతలో దీన్ని మించినది లేదు. కాని చదివే యంత్రం, కంప్యూటర్ కలిపి సుమారు 5000 పౌండ్లు కావడంతో రాసి పంపిన పిల్లల బడుల్లో చాలా వాటికి ఆ డిస్కును చూసే భాగ్యం కలగలేదు. పదిహేనేళ్లు తిరిగేసరికి దాన్ని చదివే యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు శ్రమపడి 2002 నాటికి ఆ యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో పునఃసృష్టించి చూపించారు కనుక సరిపోయింది. 1086 నాటి తోలు గ్రంథం మాత్రం ఈనాటికీ చదవవచ్చు.

ఇది ఎక్కడో ఇంగ్లండ్ ముచ్చట అనుకోకండి. మన ఊళ్ల డీటీపీ కేంద్రాల్లో 1990లలో కంపోజ్ చేసిన తెలుగు కథా సంపుటాలు, అభినందన సంచికలు, కుల సంఘాల పత్రికలు, గ్రామ చరిత్రలు ఎన్నో ఫ్లాపీల్లో, జిప్ డిస్కుల్లో మిగిలిపోయాయి. అవి యూనికోడ్ రాకముందు వాడిన ఫాంట్లలో ఉన్నాయి కనుక ఫైలు తెరుచుకున్నా, ఆ ఫాంటు లేనిదే తెర మీద అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. పరికరం ఒక తాళం, ఫాంటు రెండో తాళం. పైగా మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. నా క్యాసెట్లలో మూడింటికి టేపు అంచున తెల్లని బూజు పట్టింది. అలాంటి వాటిని ఆత్రంగా ప్లేయర్‌లో పెట్టవద్దని పాఠకులకు మనవి. బూజు తలకు అంటి తరవాత పెట్టే క్యాసెట్లను కూడా పాడుచేస్తుంది. ముందు టేపును పొడిగా ఆరబెట్టి, మెత్తని గుడ్డతో తుడిపించుకొని, అప్పుడు ఒకే ఒక్కసారి ప్లే చేస్తూ ఆ ధ్వనిని కంప్యూటర్‌లోకి కుదించని వేవ్ ఫైలుగా ఎక్కించుకోవాలి. పాటలకు వాడే ఎంపీ3 ఇక్కడ పనికిరాదు, మనిషి చెవికి అక్కరలేదని అది తీసేసే భాగంలోనే కంప్యూటర్‌కు కావలసిన అంచులు పోయే ప్రమాదం ఉంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నా మనవరాలు పక్కన కూర్చొని సాయం చేయగా నా పాత క్యాసెట్‌ను ఇలాగే ఎక్కించాను. మొదటిసారి తప్పు చూపింది. రెండోసారీ తప్పే. అప్పుడు గుర్తొచ్చింది, 1985లో నేను వాడిన రికార్డర్ తల కాస్త వాలుగా ఉండేది. ఆ వాలులోనే అప్పటి రాత అంతా టేపు మీద పడింది. నిటారుగా ఉన్న తల దాన్ని ఎలా చదువుతుంది? సన్నని స్క్రూడ్రైవర్‌తో ఇప్పటి ప్లేయర్ తలను వెంట్రుకవాసి తిప్పుతూ, కూత అన్నిటికన్నా కీచుగా, స్పష్టంగా వినిపించే చోట ఆపాను. మూడోసారి 168 బైట్లూ తప్పు లేకుండా వచ్చాయి. స్పెక్ట్రమ్‌ను అనుకరించే ప్రోగ్రాంలో నడిపిస్తే, 8 చుక్కల గడుల్లో నేను గీసిన క, మ, ల ముందు వచ్చాయి, క, మ అక్షరాల పైన ఒక్కటే తలకట్టు.

మా మాస్టారు మూడేళ్ల క్రితం కాలం చేశారు. బడికి డిస్క్ డ్రైవ్ వచ్చాక ఆయన తమ గుణింతాల ప్రోగ్రాంను అయిదుంబావు అంగుళాల ఫ్లాపీల మీదికి మార్చుకున్నారు. వాటిని ఆయన శ్రీమతి ఒక బిస్కెట్ డబ్బాలో భద్రంగా ఉంచి నాకు అప్పగించారు. మొత్తం ఏడు. లేబుళ్ల మీద ఆయన దస్తూరి చెక్కుచెదరలేదు. ఇవి అయిదుంబావు అంగుళాలవి, పైగా బీబీసీ మైక్రో పద్ధతిలో రాసినవి కనుక, బజారులో దొరికే మూడున్నర అంగుళాల యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌లు వీటిని చదవవు. పనిచేసే అయిదుంబావు అంగుళాల డ్రైవ్ ఒకటి, డిస్కు మీది అయస్కాంత మార్పులను యథాతథంగా కంప్యూటర్‌లోకి దించే చిన్న సర్క్యూట్ ఒకటి ఉంటే చాలు. సర్క్యూట్ నేను సంపాదించాను. డ్రైవ్ దొరకలేదు. గుంటూరు, విజయవాడ, హైదరాబాదు ప్రాంతాల్లో ఏ కళాశాల స్టోర్‌రూములోనైనా, ఏ పాఠకుని అటక మీదైనా అలాంటి డ్రైవ్ ఉంటే మీ కార్యాలయం ద్వారా నాకు తెలియజేయవలసిందిగా ఈ లేఖ మూలంగా కోరుతున్నాను. నేనే స్వయంగా వచ్చి, పని పూర్తయ్యాక జాగ్రత్తగా తిరిగి అప్పగిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు